ఖాళీ అయిన కుర్చీలు: యుద్ధంలో సిపాయి ఆఫీసర్ అయిన తీరు

సైన్యంలో సిపాయిగా చేరి సార్జెంట్ దాకా ఎదగడం ఒక ఎత్తు, ఆ పైన ఆఫీసర్ కావడం ఒక ఎత్తు. ధైర్యం ఉంటే చాలు, ఎంత పైకైనా పోవచ్చని పతకాల కథలు చెబుతాయి. ధైర్యవంతులు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లకు అవకాశం దొరికింది మాత్రం పైవాళ్లు లేకుండా పోయినప్పుడే.

ఫ్రాన్స్‌నే చూడండి. నేరుగా ఆఫీసర్ కావాలంటే నాలుగు తరాల కులీన వంశం రుజువు చేసుకోవాలని 1781లో ఉత్తర్వు వచ్చింది. దానికి ఏడాది ముందు పదాతి దళంలో మామూలు సిపాయిగా చేరిన బెర్నాడోట్‌కు అలాంటి వంశం లేదు. పదేళ్లు చాకిరీ చేసి, 1790 నాటికి సార్జెంట్ల వరసలో పై మెట్టు చేరాడు. అక్కడితో ఆగిపోవాల్సినవాడే. అయితే విప్లవం వచ్చింది, కులీన ఆఫీసర్లు చాలామంది దేశం విడిచిపోయారు, 1792లో యుద్ధం మొదలైంది. 1794లో అతను జనరల్, 1804లో మార్షల్. 1818లో ఏకంగా స్వీడన్‌కు రాజయ్యాడనుకోండి, అది వేరే కథ.

బ్రిటన్‌లో అడ్డు పడింది డబ్బు. పదాతి దళంలో ఆఫీసర్ పదవిని 1871 దాకా కొనుక్కునేవారు. అమ్మకం ఆగాక కూడా మెస్ ఖర్చులకు జీతం చాలేది కాదు. 1870లో సిపాయిగా చేరి, అఫ్ఘాన్ యుద్ధంలో కమిషన్ (ఆఫీసర్ హోదా) సంపాదించి, మేజర్ జనరల్ దాకా వెళ్లిన హెక్టర్ మెక్‌డొనాల్డ్ లాంటివాళ్లు అరుదు.

మొదటి ప్రపంచ యుద్ధం లెక్క మార్చేసింది. కందకం ఎక్కి ప్లటూన్‌ను (చిన్న సైనిక దళాన్ని) ముందుండి నడిపేది కుర్ర లెఫ్టినెంటే. బ్రిటిష్ సైన్యంలో చనిపోయినవారి శాతం సిపాయిల్లో కన్నా ఆఫీసర్లలోనే ఎక్కువ. దాంతో 1916లో ప్రత్యేక శిక్షణ బెటాలియన్లు పెట్టి, సిపాయిల నుంచి ఏరినవాళ్లను సుమారు నాలుగు నెలల్లో ఆఫీసర్లుగా పంపారు. 'తాత్కాలిక పెద్దమనుషులు' అని వీళ్లకో వెటకారపు పేరు. యుద్ధం ముగిశాక చాలామంది ఉద్యోగం కోసం తిరగాల్సి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో కొన్నిసార్లు శిక్షణ దాకా కూడా ఆగలేదు. బక్కగా ఉన్నాడని మెరైన్లు వద్దన్న ఆడీ మర్ఫీ 1942లో అమెరికన్ పదాతి దళంలో చేరి, 1944 అక్టోబరులో యుద్ధరంగంలోనే సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. 1945 జనవరిలో ఫ్రాన్స్‌లోని హోల్ట్‌స్విర్ దగ్గర అతనికి అత్యున్నత పతకం తెచ్చిన పోరు జరిగింది. అప్పటికి కంపెనీని (కొన్ని ప్లటూన్లు కలిసిన దళాన్ని) నడిపిస్తున్నది అతనే, ఎందుకంటే మిగతా ఆఫీసర్లు చనిపోయారు, లేదా గాయపడ్డారు.