కాప్టిక్ ‘షై’ గ్రీకు వరుసలో ఎందుకు ఉండిపోయింది?

ప్రాచీన ఈజిప్టు భాష చివరి దశను కాప్టిక్ అంటారు. దాని సాహిదిక్ మాండలికంలో కొడుకును ‘షేరె’ అంటారు. ఇది నాలుగక్షరాల మాట. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యనిచ్చే యూనికోడ్ ప్రమాణంలో ఆ అక్షరాలకున్న సంఖ్యలను దశాంశ పద్ధతిలో రాస్తే వరుసగా 995, 11407, 11427, 11401 వస్తాయి. తక్కిన మూడూ ఒకే పేటలో కాపురముంటే, మొదటి అక్షరమైన ‘షై’ మాత్రం పదివేల స్థానాలకు పైగా ఎడంగా, గ్రీకు అక్షరాల పక్కన కనిపిస్తుంది.

క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో ఈజిప్టువారు తమ భాషను గ్రీకు అక్షరాలతో రాయసాగారు. గ్రీకులో లేని ధ్వనుల కోసం అప్పటిదాకా తమ వాడుకలో ఉన్న డెమోటిక్ లిపి నుంచి, మాండలికాన్ని బట్టి, ఆరేడు గుర్తులు తెచ్చుకున్నారు. పక్కపక్కనే రెండు గిన్నెలు పెట్టి, కుడివైపు కిందికి తోక లాగినట్టుండే షై వాటిలో ఒకటి; గ్రీకులో లేని ‘ష’ ధ్వని దానిది.

1990ల తొలినాళ్లలో, ప్రపంచ లిపులన్నిటినీ 65,536 స్థానాలలో సర్దాలనుకున్న యూనికోడ్ రూపకర్తలు కాప్టిక్‌ను గ్రీకుకు మరో రూపంగానే లెక్కగట్టారు. డెమోటిక్ నుంచి వచ్చిన ఏడు అక్షరాలకు, పెద్దవీ చిన్నవీ కలిపి, 994 నుంచి 1007 వరకు 14 స్థానాలు కేటాయించి, మిగిలినవాటికి గ్రీకు సంఖ్యలే చాలునన్నారు. రూపం సంగతి ఫాంటు చూసుకుంటుందని వారి ధీమా.

ఆ ధీమా నిలవలేదు. నిఘంటువులోనో, బైబిలు పాఠాలను పోల్చే గ్రంథంలోనో గ్రీకు, కాప్టిక్ మాటలు ఒకే వాక్యంలో పక్కపక్కన వస్తాయి. ఫాంటు సమాచారం ఊడిపోయి వట్టి పాఠం మిగిలితే ఏది ఏ లిపో చెప్పే ఆధారం చాలా మాటల్లో ఉండదు. పైగా అనేకులు అసలు యూనికోడ్ జోలికే పోకుండా, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో కాప్టిక్ బొమ్మలు పెట్టిన ఫాంటులతో నెట్టుకొచ్చారు. అను ఫాంటులలో కూర్చిన పాత తెలుగు ఫైళ్లను తెరిచి గజిబిజి చూసినవారికి ఈ బాధను విడమరిచి చెప్పనక్కరలేదు.

లిపుల నిపుణుడు మైకేల్ ఎవర్సన్, కాప్టిక్ పండితుడు స్టీఫెన్ ఎమ్మెల్ తదితరుల ప్రతిపాదనల ఫలితంగా, 2005లో వెలువడిన యూనికోడ్ 4.1లో కాప్టిక్‌కు 11392 నుంచి 128 స్థానాల విడి విభాగం ఏర్పడింది. ఆల్ఫా మొదలు ఓఊ వరకు గ్రీకు మూలపు అక్షరాలన్నీ అందులోకి చేరాయి. షై బృందాన్ని కూడా తీసుకెళ్లవచ్చు కదా అని అడగవచ్చు. కానీ ఒకసారి సంఖ్య ఇచ్చిన అక్షరాన్ని కదల్చరాదు, తీసేయరాదు అన్న నియమాన్ని యూనికోడ్ 1996 నాటి రెండో సంచిక నుంచి పాటిస్తోంది. ఆ నియమమే లేకపోతే పాత ఫైళ్లకు దిక్కుండదు కనుక దాన్ని తప్పుపట్టలేం. అందుకే ముందుగా సొంత సంఖ్య దక్కించుకున్న అక్షరాలే పొరుగింట్లో మిగిలిపోయాయి.

యూనికోడ్ పట్టికలలో ఆ 14 అక్షరాల లిపి కాప్టిక్ అనే నమోదై ఉంది. విభాగం పేరు మాత్రం ‘గ్రీకు, కాప్టిక్’. లిపిని చూడకుండా విభాగాన్ని చూసి ఫాంటును ఎంచుకునే సాఫ్ట్‌వేర్‌లో ‘షేరె’ మొదటి అక్షరం ఒక తీరులో, మిగతావి మరో తీరులో కనబడతాయి. మాటలను కేవలం సంఖ్యల ప్రకారం పేర్చితే, వర్ణమాలలో ఓఊ తర్వాత రావలసిన షై ఆల్ఫా కంటే ముందుకొచ్చి కూర్చుంటుంది.

వెతుకులాటలో చిక్కు ఇంకా పెద్దది. 2005కు ముందటి పద్ధతిలో ఎక్కించిన ‘షేరె’ 995, 951, 961, 949గా ఉంటుంది. గ్రీకు, కాప్టిక్ అక్షరాలు సమానమని యూనికోడ్ ఎక్కడా చెప్పదు కాబట్టి, ప్రత్యేకంగా మార్పిడి చేస్తే తప్ప కొత్త పద్ధతిలో టైపు చేసిన మాటకు పాత పాఠంలోని అదే మాట దొరకదు. రెండింటిలోనూ మారకుండా ఉన్నది షై ఒక్కటే.