‘పాలు చాలడం లేదు’ అన్న అనుమానం ఎలా మొదలైంది?

డబ్బాపాల ప్రకటనలపై గొడవ మళ్లీ రేగింది. ఏ పాలు పట్టాలన్నది తల్లి ఇష్టమని, తాము సమాచారం మాత్రమే ఇస్తున్నామని కంపెనీల వాదన. ఆ ఇష్టం ఎలా తయారైందో చూడాలంటే పాలదాదుల కాలం దాకా వెళ్లనక్కర్లేదు. 1867లో హెన్రీ నెస్లే పాలపిండి తయారుచేసిన కథా అందరికీ తెలిసిందే. నా దృష్టిలో అసలు మలుపు, పాలిచ్చే వేళను గడియారానికి కట్టేయడం.

ఆ పని చేసినవాళ్లు తల్లిపాలకు శత్రువులు కారు. న్యూజిలాండ్‌లో 1907లో ప్లంకెట్ సొసైటీ అనే తల్లీబిడ్డల సంరక్షణ సంస్థను ప్రారంభించిన డాక్టర్ ట్రూబీ కింగ్ తల్లిపాలే మేలని గట్టిగా చెప్పేవాడు. కానీ నాలుగు గంటలకోసారే ఇవ్వాలని, రాత్రిళ్లు అసలు వద్దని నియమం పెట్టాడు. బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరతాయి. పాలు ఊరడానికి కారణమయ్యే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిపూటే ఎక్కువ. వేళలు బిగించేసరికి చాలామందికి పాలు తగ్గాయి. కాన్పులు ఆస్పత్రులకు మారాక పుట్టిన బిడ్డను వేరే గదిలో ఉంచే పద్ధతీ వచ్చింది. నియమాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. తప్పు తల్లి ఒంటిలో ఉందన్నారు, ఆమె కూడా అదే నమ్మింది.

ఆ భయం మీదే వ్యాపారం పెరిగింది. కంపెనీ మనుషులు నర్సు దుస్తుల్లో వచ్చి శాంపిల్ డబ్బాలు పంచేవారు. శాంపిల్ అయిపోయేలోగా తల్లికి పాలు తగ్గిపోయేవి. తప్పుడు ప్రచారం వల్ల పోయే పసిప్రాణాలను హత్యలుగానే చూడాలని డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లోనే సింగపూర్‌లో అన్నారు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థలో సభ్యదేశాలు నిర్ణయాలు తీసుకునే ప్రపంచ ఆరోగ్య సభ, డబ్బాపాల అమ్మకాలపై నియమావళి తేవడానికి 1981 దాకా పట్టింది. ప్రజలకు ప్రకటనలు, తల్లులకు ఉచిత శాంపిళ్లు కూడదన్న ఆ తీర్మానానికి 118 దేశాలు ఓటేశాయి. వ్యతిరేకించింది అమెరికా ఒక్కటే.

నియమావళి వచ్చినా ప్రచారం ఆగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 8 దేశాల్లో జరిపి 2022లో విడుదల చేసిన సర్వేలో తల్లిదండ్రులు, గర్భిణుల్లో 51 శాతం మంది ఈ ప్రచారం తమదాకా వచ్చిందన్నారు. నిజంగా పాలు పడని తల్లులు, మందుల వల్ల ఇవ్వకూడని తల్లులు ఉన్నారు. వాళ్లకు డబ్బాపాలు అవసరం, వాళ్లను వేలెత్తి చూపడం అన్యాయం. ప్రకటనలు గురిపెట్టేది మాత్రం మిగతా తల్లులందరినీ. పసిబిడ్డ రాత్రి మాటిమాటికీ లేవడం, ఏడవడం మామూలే. ఆ మామూలు విషయాన్నే ఒక సమస్యగా చూపించి, దానికి మందులా డబ్బాను ముందు పెడుతున్నారు.