తవ్వి చూడని ఆ చోటు: ఒలింపిక్ పైప్‌లైన్ గొడవ వెనక కథ

2025 నవంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలో, ఎవరెట్‌కి తూర్పున ఒక బ్లూబెర్రీ తోటలో, కాలువ నీళ్ల మీద నూనె తెట్టు కనిపించింది. కింద పోతున్నది ఒలింపిక్ పైప్‌లైన్. అక్కడ రెండు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి 16 అంగుళాలది, ఇంకోటి 20 అంగుళాలది, కారుతున్నది ఏదో తేలడానికే రోజులు పట్టింది. లైన్ ఆపేశారు. థాంక్స్‌గివింగ్ ప్రయాణాల ముందు సియాటిల్ ఎయిర్‌పోర్టుకి విమాన ఇంధనం ట్యాంకర్లలో తోలాల్సి వచ్చింది, గవర్నర్ బాబ్ ఫెర్గసన్ ఎమర్జెన్సీ ప్రకటించారు. చివరికి కారుతున్నది 20 అంగుళాల గొట్టమని తేల్చారు. దాంతో పాత గొడవ మళ్లీ లేచింది: ఈ గొట్టాల మీద అజమాయిషీ ఎవరిది, ఎంత గట్టిగా ఉంది?

సియాటిల్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకి ఇది దూరపు వార్త కాదు. కెనడా సరిహద్దు దగ్గరి రిఫైనరీల నుంచి పోర్ట్‌ల్యాండ్ దాకా 299 మైళ్ల దారి, మొత్తం 400 మైళ్ల గొట్టం, అందులో పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనం. ఆ దారి రెడ్‌మండ్, బెల్‌వ్యూ, రెంటన్ ఇళ్ల మధ్య నుంచే పోతుంది, కొంత దూరం హైటెన్షన్ కరెంటు స్తంభాల కిందనే. సాయంత్రం వాకింగ్‌కి వెళ్లే బాటల్లో ఫోన్ నంబరున్న హెచ్చరిక కర్రలు కనిపిస్తాయి చూడండి, అవి ఈ లైనువే.

1965లో లైన్ ఎలా మొదలైంది, వాటాలు ఎవరివి, ఎప్పుడు చేతులు మారాయి, అదంతా ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి వదిలేస్తున్నా. ఒక్కటి మాత్రం చెప్పాలి: ఇప్పుడు నడుపుతున్న బీపీ ఈ లైన్ నిర్వహణలోకి వచ్చింది 2000లో. నేను చెప్పబోయేది అంతకు ముందు సంగతి.

1999 జూన్ 10. ఇదే లైన్ పోయే బెల్లింగ్‌హామ్ ఊరు. మధ్యాహ్నం సుమారు 3:28కి 16 అంగుళాల గొట్టం పగిలి, 2,37,000 గ్యాలన్ల పెట్రోలు, అంటే దాదాపు 9 లక్షల లీటర్లు, ఊరి పార్కులోని వాగులోకి దిగింది. ఆ సమయంలో కంట్రోల్ రూమ్ కంప్యూటర్లు మొరాయించాయి. ఎందుకంటే లైన్ నడుపుతున్న అదే సిస్టమ్ మీద డేటాబేస్ పని కూడా చేస్తున్నారు. ఏం జరిగిందో అర్థం కాక 4:16కి లైన్ మళ్లీ స్టార్ట్ చేశారు. పగిలిన గొట్టంలోకి మళ్లీ పెట్రోలు తోశారన్నమాట. ఐదు గంటల ప్రాంతంలో అంటుకుంది. వాగు వెంట మైలున్నర దూరం కాలిపోయింది. పదేళ్ల పిల్లలు ఇద్దరు కాలిన గాయాలతో చనిపోయారు. చేపలు పట్టుకుంటున్న 18 ఏళ్ల కుర్రాడు పెట్రోలు ఆవిరికి స్పృహ తప్పి నీళ్లలో పడి చనిపోయాడు.

మామూలుగా అందరూ కథ ఇక్కడ మొదలుపెడతారు. నాకు మాత్రం అసలు మలుపు దీనికి రెండేళ్ల ముందు, మంట లేదు, పొగ లేదు, ఒక కాగితం మీద జరిగిందనిపిస్తుంది.

1994లో ఆ ఊరి నీటి శుద్ధి ప్లాంటు దగ్గర పనులు జరిగాయి. కాంట్రాక్టరు తవ్వకంలో యంత్రం గొట్టానికి తగిలి పైభాగంలో సొట్టలు, గీతలు పడ్డాయి. ఆ పనిని పైప్‌లైన్ కంపెనీ సరిగా కనిపెట్టుకుని ఉండలేదని ప్రమాదాన్ని దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా బోర్డు, ఎన్‌టీఎస్‌బీ, 2002 నివేదికలో తేల్చింది. మట్టి కప్పేశారు. సొట్ట కిందే ఉండిపోయింది.

తర్వాత 1996లో, 1997లో లైన్లోకి పిగ్ పంపారు. పిగ్ అంటే గొట్టం లోపల ఇంధనంతో పాటే కొట్టుకుపోయే యంత్రం. ఒక రకం దానికి బలమైన అయస్కాంతాలుంటాయి, గోడ ఎక్కడ పలచబడితే అక్కడ అయస్కాంత క్షేత్రం బయటికి లీకవుతుంది, చుట్టూ ఉన్న సెన్సర్లు దాన్ని పట్టేస్తాయి. ఇంకో రకానికి వేళ్లలాంటివి ఉంటాయి, గోడని తడుముతూ పోయి ఎక్కడ లోపలికి నొక్కుకుందో చెబుతాయి. రిపోర్టులో సొట్ట ఎన్నో అడుగు దగ్గర ఉందో, గడియారం ముల్లు లెక్కన గొట్టం చుట్టూ ఎక్కడుందో రాసి ఉంటుంది. పన్నెండు అంటే నడినెత్తి, ఆరు అంటే అడుగు. పైన సొట్ట ఉందంటే అనుభవమున్నవాడికి ముందు తట్టేది పొక్లెయిన్ పన్నే. అడుగున సొట్ట రాయి మీద గొట్టం కూర్చున్నా పడుతుంది, పైన పడాలంటే ఎవరో తవ్వి ఉండాలి.

ఆ నీటి ప్లాంటు ప్రాంతంలో తేడా ఉందని పిగ్ చెప్పింది. ఒకసారి కాదు, రెండుసార్లు. కంపెనీ తవ్వి చూడలేదు. ఇదే నేను చెబుతున్న మలుపు.

గీత పడిన సొట్ట ఎందుకంత ప్రమాదమో కూడా చెప్పాలి. పంపు స్టార్టయితే ఒత్తిడి పెరిగి సొట్ట కొంచెం బయటికి ఉబ్బుతుంది, ఆగితే మళ్లీ లోపలికి పోతుంది. రేకుని అటూ ఇటూ వంచితే ఏమవుతుందో అందరికీ తెలుసు. గీత పడిన చోట ఉక్కు ముందే బలహీనం, పగులు అక్కడే పుడుతుంది. ఐదేళ్లు అలా ఊపిరి పీల్చి వదిలింది ఆ సొట్ట. పైగా 1998 చివర్లో వాడకంలోకి వచ్చిన, ఇదే లైన్ మీది బేవ్యూ టెర్మినల్‌లో ఒక వాల్వు పదేపదే దానంతట అదే మూసుకుపోతోంది, ఎందుకో కనుక్కుని బాగు చేయలేదు. జూన్ 10న అది మూసుకుంది, ఒత్తిడి వెనక్కి తన్నింది, ఆ చోటే పగిలింది.

మరి అప్పటి రూల్స్ ఏమంటున్నాయి? దాదాపు ఏమీ అనడం లేదు. లోపల తనిఖీ చేసి తీరాలని లేదు, చేసినా కనిపించినదాన్ని ఎన్ని రోజుల్లో తవ్వాలో లేదు. జనం ఉండే చోట, సున్నితమైన ప్రాంతాల్లో ఎప్పటికప్పుడు తనిఖీలకి రూల్స్ చేయండని అమెరికా కాంగ్రెస్ 1992లోనే చట్టంలో రాసింది. ఎన్‌టీఎస్‌బీ అంతకు ముందు, 1987 నుంచే అడుగుతోంది. రవాణా శాఖలోని పైప్‌లైన్ భద్రతా ఆఫీసు గడువులు దాటేస్తూ కూర్చుంది. 1999లో ఆ ముగ్గురు పిల్లలు పోయాక, 2000 డిసెంబర్‌లో వచ్చింది ఇంటెగ్రిటీ మేనేజ్‌మెంట్ రూల్, ఫెడరల్ నిబంధనల్లో 195.452 అనే సెక్షన్. మొదట 500 మైళ్లు, ఆ పైన లైన్లున్న కంపెనీలకి, 2002లో చిన్నవాళ్లకి కూడా.

దాని సారం చాలా సాదా. పగిలితే జనానికి, తాగునీటికి, ప్రకృతికి పెద్ద నష్టం జరిగే చోట్లు గుర్తించు, ఐదేళ్లకోసారి తనిఖీ చెయ్, తనిఖీ అయిన 180 రోజుల్లోపు ఏం దొరికిందో తేల్చు, దొరికినదాన్ని మూడు గంపల్లో వెయ్: వెంటనే, 60 రోజులు, 180 రోజులు. మొదటి గంపలో పడితే బాగయ్యేదాకా ఒత్తిడి తగ్గించాలి, లేదా లైన్ ఆపాలి. ఆ మొదటి గంపలో ఏమేం పడతాయో చదివితే బెల్లింగ్‌హామ్ కళ్ల ముందు కనబడుతుంది. గడియారం లెక్కన ఎనిమిదికి, నాలుగుకి పైన ఉన్న సొట్టలో లోహం పోయిన గుర్తు గానీ, పగులు గానీ కనిపిస్తే చాలు, లోతుతో సంబంధం లేకుండా వెంటనే తవ్వాలి. చూశావా, అయితే తవ్వు. ఇరవై అయిదేళ్ల అమెరికా పైప్‌లైన్ భద్రతలో నాకు అన్నిటికంటే విలువైన వాక్యం అదే.

కేసు సంగతి క్లుప్తంగా: కంపెనీ నేరం ఒప్పుకుంది, ఉద్యోగులకి జైలు శిక్ష కూడా పడింది, ఆ కేసులో వచ్చిన డబ్బులోంచి 40 లక్షల డాలర్లతో బెల్లింగ్‌హామ్‌లోనే పైప్‌లైన్ సేఫ్టీ ట్రస్ట్ పుట్టింది. అప్పట్నుంచీ కంపెనీలనీ ప్రభుత్వాన్నీ వదలకుండా అడుగుతున్నది వాళ్లే.

మరి ఊళ్లు ఎందుకు ఊరుకున్నాయని మీరు అడగొచ్చు. ఊరుకోలేదు. సియాటిల్ నగరం తన భద్రతా షరతులు ఒప్పుకోమని ఒలింపిక్‌ని పట్టుబట్టింది, విషయం కోర్టుకెళ్లింది, 2006లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. ఇలాంటి లైన్ల భద్రత మీద రూల్స్ చేసే అధికారం ఫెడరల్ ప్రభుత్వానిదేనంది కోర్టు. రాష్ట్రం ఫెడరల్ ఏజెంటుగా తనిఖీ చేయొచ్చు, రూలు రాయలేదు. అందుకే వాషింగ్టన్ డీసీలో ఒక వాక్యం మారితే బెల్‌వ్యూలో మన పెరటి వెనక లైనుకి అదే వర్తిస్తుంది. పైన ఇంకో గోడ లేదు.

రూల్ వచ్చాక అంతా బాగైపోయిందా అంటే, లేదు. 2010 జులైలో మిషిగన్‌లోని మార్షల్ దగ్గర ఎన్‌బ్రిడ్జ్ లైన్ 6బీ పగిలింది. ఆ గొట్టంలో పగుళ్ల లాంటివి 2005 తనిఖీలోనే కనిపించాయి, తవ్వలేదు. పగిలాక అలారాలు మోగుతుంటే రెండుసార్లు స్టార్ట్ చేశారు. 17 గంటల తర్వాత ఒక గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఫోన్ చేసి చెబితే గానీ వాళ్లకి తెలియలేదు. కారిన 8,43,444 గ్యాలన్లలో 81 శాతం ఆ రెండు స్టార్టుల్లో పోయిందే. అదే చూసి తవ్వకపోవడం, అదే మళ్లీ తోయడం. పగుళ్ల విషయంలో రూల్ బలహీనంగా ఉందని ఎన్‌టీఎస్‌బీ అప్పుడు పైప్‌లైన్ల భద్రత చూసే ఫెడరల్ ఏజెన్సీ పీహెచ్‌ఎంఎస్‌ఏని కూడా తప్పుపట్టింది.

2015లో కాలిఫోర్నియా రెఫ్యూజియో తీరం కథ ఇంకో రకం. పగలడానికి రెండు వారాల ముందే పిగ్ వెళ్లింది, ఆ చోట 45 శాతం గోడ పోయిందంది. పగిలాక కొలిస్తే 89 శాతం. అంటే పిగ్ చెప్పిన అంకె మీద కూడా మార్జిన్ ఉంచుకోవాలి.

గోదావరి జిల్లావాళ్లకి నగరం అనే ఊరి పేరు చెబితే చాలు. 2014 జూన్ 27, అది గ్యాస్ లైను, చట్టం వేరు, దేశం వేరు. కానీ పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపారు, లోపల తుప్పు తినేసింది, తెల్లారేసరికి ఇళ్లు తగలబడ్డాయి. మనకి ఈ విషయం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇప్పటి తగువుకి వద్దాం. 2025 మే నెలలో పీహెచ్‌ఎంఎస్‌ఏ ఈ రిపేరు ప్రమాణాలనే తిరగతోడుతూ అందరి అభిప్రాయాలు అడిగింది. కంపెనీల వాదన ఇది: టెక్నాలజీ పెరిగింది, 2000లో రాసిన గంపలు మొరటువి, ఇంజినీరింగ్ లెక్కలతో ఏ సొట్ట ప్రమాదమో తేల్చొచ్చు, అనవసరంగా తవ్వితే ఖర్చు, తవ్వకమే ఒక ప్రమాదం. ఇందులో నిజం లేకపోలేదు. పగుళ్ల విషయంలో లెక్కలు బాగా చేస్తే మార్షల్ లాంటివి ఆగేవే కూడా.

కానీ 1997లో జరిగింది కూడా లెక్కే కదా. చేతిలో రిపోర్టు ఉన్నవాళ్లు ఆలోచించుకుని తవ్వక్కర్లేదని తేల్చుకున్నారు. ఆ నిర్ణయాన్ని వాళ్ల చేతిలోంచి తీసేయడానికే 195.452 పుట్టింది. ఎవరెట్ లీకు ఆ రూల్ వల్ల ఆగేదా లేదా అన్నది వేరే ప్రశ్న, 2023 డిసెంబర్‌లో కాన్వే దగ్గర ఇదే లైన్ నుంచి 25,000 గ్యాలన్లకి పైగా పెట్రోలు కారిన సంగతి కూడా వేరే. ఈ రెండింటినీ కలిపేసి అరిస్తే అసలు చోటు మళ్లీ మట్టి కింద ఉండిపోతుంది.

రిపేరు ప్రమాణాల మీద ఏ ముసాయిదా వచ్చినా మొత్తం చదవక్కర్లేదు. 195.452లో హెచ్ అనే భాగం, దాని కింద వెంటనే బాగు చేయాల్సినవాటి జాబితా తీయండి. పైభాగంలో సొట్ట, అందులో లోహం పోయిన గుర్తు అన్న లైను అక్కడ ఉందో లేదో, ఉంటే పక్కన "లెక్కలు చేసి చూపిస్తే తప్ప" లాంటి మాట కొత్తగా చేరిందో లేదో చూడండి.