సంగటి ముద్దను మనసులోనే మింగడం

మా చిత్తూరు వైపు రాగి సంగటిని నమలరు. ముద్ద తుంచి, పులుసులో అద్ది, అలాగే మింగేస్తారు. బయటి ఊరి నుంచి వచ్చిన అల్లుడికి మొదటి ముద్ద దిగడం కష్టమవుతుందేమో గానీ, ఇంట్లోవాళ్లకు అది ఆలోచించే పనే కాదు.

కానీ ఆ ఒక్క గుటకకు దాదాపు 30 జతల కండరాలు వరుస తప్పకుండా పనిచేయాలి. నాలుక ముద్దను వెనక్కి నెడుతుంది. అంగిలి లేచి ముక్కు దారిని మూస్తుంది. స్వరపేటిక పైకి లేచి ఊపిరి దారి మూసుకుంటుంది, అప్పుడే అన్నవాహిక తెరుచుకుంటుంది. గొంతులో జరిగే ఈ పనంతా సుమారు ఒక్క సెకను. కంఠం మీద వేలు పెట్టి గుటక వేసి చూడండి, లోపల గట్టిగా ఉన్నది పైకి లేచి దిగడం తెలుస్తుంది.

పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో సుమారు సగం మందికి ఈ వరుస దెబ్బతింటుంది. తిరుపతిలో అయితే మనిషి మంచం పట్టగానే, పడుకున్న నోట్లోనే చెంచాతో నీళ్లో తీర్థమో పోస్తాం. ప్రేమతోనే పోస్తాం. అవి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. కొందరికి పొలమారదు, దగ్గు కూడా రాదు, అందుకే ఇంట్లో ఎవరూ గమనించలేరు.

గుటక వరుసను నడిపేది మెదడు అడుగున వెన్నుపాముకు కలిసే మెదడు కాండమే అయినా, దాన్ని మొదలుపెట్టడంలో, సరిదిద్దడంలో పైనున్న మెదడు పొరకూ పాత్ర ఉంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పరిశోధకుడు షాహీన్ హమ్దీ బృందం 1990లలో ఒక సంగతి చూపించింది. మింగడానికి మెదడు రెండు వైపులా చోటు ఉంటుంది, కానీ ఎక్కువగా ఒక వైపుదే పైచేయి. దెబ్బ తగలని వైపు ఆ పనిని మరింతగా అందుకున్నవాళ్లు కోలుకున్నారు. మరి ఆ వైపును కావాలని తట్టి లేపగలమా?

ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో సిల్వియా కోబర్, గిల్యెర్మ్ వుడ్ 2014 నుంచి ఈ దారిలో పరిశోధనలు ప్రచురించారు. తలకు తొడిగే టోపీలోంచి పరారుణ కాంతి పుర్రె దాటి వెళ్లి, మెదడు పైపొర రక్తంలో ఆక్సిజన్ మార్పును పట్టిస్తుంది. మింగుతున్నట్టు ఊహించుకున్నా, నిజంగా మింగినప్పుడు కదిలే చోటే కదలిక కనిపించింది, దాని తీరు మాత్రం అచ్చంగా అదే కాదు. ఆ మార్పును తెర మీద అప్పటికప్పుడు చూపిస్తే, ఆరోగ్యవంతులు అభ్యాసంతో దాన్ని కొంతవరకు అదుపులోకి తెచ్చుకోగలిగారు. దీన్నే న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారు. మింగలేని కొద్దిమంది పేషెంట్లలోనూ ఊహించుకున్నప్పటి మెదడు మార్పులను కొలిచారు.

నన్ను ఆకట్టుకున్నది దీంట్లోని భద్రత. నోట్లో మెతుకు పెట్టకుండానే సాధన చేయొచ్చు, ముక్కుకు ట్యూబ్ ఉన్నా చేయొచ్చు. అయితే ఎవరో మింగుతుంటే చూస్తున్నట్టు ఊహించుకోవడం వేరు, మన నాలుకే నెడుతున్నట్టు, మన గొంతే లేస్తున్నట్టు ఊహించుకోవడం వేరు. ఇక్కడ కావాల్సింది రెండోది. అందుకే మన దగ్గర ఈ శిక్షణ మొదలైతే పేషెంటుకు ఏదో జ్యూస్ పేరు చెప్పకూడదంటాను. సంగటి అనాలి. వేడి ముద్ద, వేళ్లకంటిన పులుసు, నాలుక మీద కారం, అది జారిన క్షణం, అన్నీ ఒంటికి తెలిసినవే కదా.

ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది, మామూలు చికిత్సకు బదులు కాదు. పక్షవాతం తర్వాత నోటికి ఏదైనా ఇచ్చే ముందు మింగే పరీక్ష చేయించాలి. ఆ పని స్పీచ్ థెరపిస్టులు చేస్తారు. నీళ్లు తాగాక గొంతు గరగరలాడితే వెంటనే ఆపేసి డాక్టరుకు చెప్పాలి. ఇక టోపీ శిక్షణ విషయానికొస్తే, తెర మీద గీత పెరిగితే చాలదు. పేషెంటు మింగేటప్పుడు ఎక్స్‌రే వీడియో తీసి, ముద్ద ఊపిరి దారిలోకి పోకుండా దిగిందా అని ఎక్కువమందిలో చూసి తేల్చాలి.