జీడిమామిడిలో అసలు ఫలం ఏది? ఫలాల రకాలపై అపోహలు - వాస్తవాలు

ఇంటర్ బైపీసీ పిల్లలకు బోటనీ చెప్తాను. ఫలాల పాఠం అయిందంటే చాలు, ఏటా అదే ప్రశ్న: "మేడమ్, జీడిమామిడిలో నిజఫలం పండా, పిక్కా? ఒక్కో గైడులో ఒక్కోలా ఉంది." నీట్ దగ్గరపడేకొద్దీ ఈ టెన్షన్ పెరుగుతుంది. పాపం, పిల్లల తప్పేమీ లేదు.

అపోహ: తినే కండే ఫలం, గట్టిగా ఉండేది గింజ.

మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. పక్వమైన అండాశయమే, అంటే పువ్వులో విత్తనాలు తయారయ్యే భాగమే ఫలం. దాన్ని మనం తింటామా, పారేస్తామా అన్నది లెక్కలోకి రాదు. మామిడి, కొబ్బరి రెండూ టెంకగల ఫలాలే. మామిడిలో మధ్యఫలకవచం, అంటే ఫలం గోడలోని మధ్య పొర, తింటాం. కొబ్బరిలో అదే పొర పీచు అవుతుంది, లోపలి పొర అయిన అంతఃఫలకవచం చిప్ప అవుతుంది. తినే కొబ్బరి, తాగే నీళ్లు విత్తనంలోని అంకురచ్ఛదం, అంటే మొలకకు దాచిన ఆహారం. నోటికి రుచించే భాగాన్ని పట్టుకుని వెళ్తే ప్రతిసారీ తప్పుతుంది.

జీడిమామిడిలో కింద వేలాడే పిక్క, పెంకుతో సహా, నిజఫలం. జీడిపప్పు దాని విత్తనం. రసం కారే పండు ఉబ్బిన పుష్పవృంతం (పువ్వు కాడ). అండాశయం నుంచి కాక ఇలా వేరే భాగం నుంచి వచ్చేది అనృత ఫలం. పాఠ్యపుస్తకం ఆపిల్, స్ట్రాబెర్రీల పక్కన జీడిమామిడిని అనృత ఫలాల్లో చేర్చింది ఈ పండును చూసే.

ఉద్దానం నుంచి వచ్చిన ఒక అమ్మాయి స్లిప్ టెస్టులో ఇది తప్పు రాసి ఏడ్చేసింది. వాళ్లకు జీడితోట ఉంది. "తోటలో ముందు ఏది కనిపిస్తుందమ్మా?" అని అడిగాను. "పిక్కే మేడమ్. అది ఎదిగాకే పండు ఉబ్బుతుంది" అంది. జవాబు ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గైడు చదివి తన కళ్లను తానే నమ్మలేదు. నాకు కోపం వచ్చేది అలాంటి గైడుల మీదే.

ఆపిల్‌లో ఉబ్బింది పుష్పాసనం, అంటే పువ్వు భాగాలు అమరి ఉండే పీఠం. గింజల చుట్టూ ఉండే గట్టి భాగం, మనం కోసి పారేసేది, అసలు ఫలం. స్ట్రాబెర్రీ మీద గింజల్లా అంటుకుని ఉండేవి ఒక్కోటీ ఒక్కో ఫలం.

అపోహ: సీతాఫలం, పనస ఒకే రకం.

ఎన్ని పువ్వుల నుంచి వచ్చిందో అడగండి. సీతాఫలం ఒకే పువ్వులోని విడివిడి ఫలదళాల (అండాశయాన్ని ఏర్పరిచే భాగాల) నుంచి వస్తుంది, సంకలిత ఫలం. పనస పుష్పవిన్యాసం, అంటే పూలగుత్తి, మొత్తం కలిసి ఏర్పడుతుంది, సంయుక్త ఫలం. అనాస కూడా అంతే.

అపోహ: కూరగాయలు ఫలాలు కావు.

టమాటా, వంకాయ, మిర్చి మృదుఫలాలు, అంటే టెంక లేని మెత్తటి ఫలాలు. బెండ గుళిక, అంటే ఎండాక పగిలే ఫలం. వడ్లగింజ కూడా ఫలమే, కవచబీజకం, అంటే ఫలం గోడ విత్తనానికి అతుక్కుపోయినది.

అపోహ: క్యాప్సికం కింద మూడు బుడిపెలుంటే మగది, నాలుగుంటే ఆడది.

ఇంకెన్నేళ్లు తిప్పుతారు ఈ వాట్సాప్ మెసేజ్‌ని? అండాశయం నుంచి వచ్చేదానిలో మగకాయ ఎక్కడిది? బుడిపెలు అండాశయంలోని ఫలదళాల సంఖ్యను బట్టి వస్తాయి. ఒకే మొక్కకు రెండు రకాల కాయలూ కాస్తాయి. ఆడ, మగ తేడా చెట్టుకు ఉండొచ్చు, తాటిలో, బొప్పాయిలో ఉన్నట్టు. అందుకే పోతుతాటికి ముంజలు కాయవు.