డెన్మార్క్ వాళ్లతో పని: మనవాళ్లలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

మర్స్క్, నోవో నార్డిస్క్, డాన్స్కే బ్యాంక్, వెస్టాస్, గ్రండ్‌ఫోస్ లాంటి డేనిష్ కంపెనీల పని కొంత బెంగళూరు, చెన్నై, పుణెల నుంచే నడుస్తుంది. ఆ టీముల్లో తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. వర్క్ పర్మిట్ మీద కోపెన్‌హేగెన్‌కో ఆర్హుస్‌కో వెళ్లేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ మొదట అందే సలహా ఒకటే: "డెన్మార్క్ వాళ్లు చాలా ఫ్రీ, ఏదీ పట్టించుకోరు." ఇది సగమే నిజం. పిలుపులో, బట్టల్లో, ఈమెయిల్ మర్యాదల్లో పట్టించుకోరు. ఇచ్చిన మాట, ఒప్పుకున్న తేదీ దగ్గరికొస్తే అంత గట్టివాళ్లు ఇంకొకరు ఉండరు. కింది అపోహల్లో చాలావాటికి మూలం ఈ తేడా తెలియకపోవడమే.

అపోహ: సార్ లేరు, మేడమ్ లేరు, కాబట్టి బాస్ కూడా లేనట్టే

పిలుపు సంగతి నిజమే. సీఈఓ నుంచి ఇంటర్న్ దాకా అందరినీ మొదటి పేరుతోనే పిలుస్తారు. "మీరు" లాంటి పిలుపు డేనిష్‌లో ఉంది గానీ, ఇప్పుడది దాదాపు రాజకుటుంబానికే మిగిలింది. "డియర్ సర్" అని మొదలయ్యే మెయిల్ వాళ్లకు గౌరవంగా అనిపించదు, స్పామ్‌లా కనిపిస్తుంది. "హాయ్ మెట్టె" చాలు.

పేర్ల దగ్గర మనకో ప్రత్యేకమైన చిక్కుంది. అక్కడి సిస్టమ్‌లో పాస్‌పోర్ట్‌లోని పేరే ఎక్కుతుంది, అందులో మొదటి మాటతోనే పిలవడం మొదలుపెడతారు. వెంకట సత్య శ్రీనివాస్, వెంకట రమణ, వెంకట లక్ష్మి ఒకే ప్రాజెక్టులో ఉంటే ముగ్గురూ "వెంకట"లే. ఏ పేరుతో పిలవాలో మొదటి రోజే చెప్పేయండి. మెయిల్ సంతకంలో, టీమ్స్‌లో కనిపించే పేరులో అదే పెట్టించుకోండి. ఇంటిపేరు అక్షరాన్ని ముందు పెడితే మీ పేరు "కె" అయిపోతుంది.

ఇక బాస్ విషయం. పనిని నడిపించే హక్కు, పంచే హక్కు యాజమాన్యానిదేనని 1899 సెప్టెంబరులో యజమానుల సంఘానికీ కార్మిక సంఘాలకూ కుదిరిన ఒప్పందంలోనే ఉంది. డేనిష్ లేబర్ వ్యవస్థకు పునాది అదే. అంటే బాస్ ఉంటారు, నిర్ణయమూ తీసుకుంటారు. కాకపోతే అంతకుముందు అందరినీ అడుగుతారు, ఆర్నెల్ల కిందట చేరినవాళ్లనీ అడుగుతారు. చెప్పాల్సింది అప్పుడే చెప్పాలి. నిర్ణయమయ్యాక తిరగదోడితే చిరాకు పడతారు. మనవాళ్లు చాలాసార్లు దీన్ని తిరగేసి చేస్తారు: మీటింగులో నోరు విప్పరు, బయటికొచ్చాక వాట్సాప్ గ్రూపులో అభ్యంతరాలన్నీ బయటపెడతారు.

సీసీతో ఒత్తిడి పెట్టడం కూడా అక్కడ చెల్లదు. పక్క టీము మనిషి ఆలస్యం చేస్తున్నాడని అతని మేనేజర్‌ని మెయిల్లో కలిపితే, వెనకనుంచి పితూరీ చెప్పినట్టు తీసుకుంటారు. ముందు అతనికే ఫోన్ చేయండి. అప్పటికీ కదలకపోతే "దీన్ని మీ మేనేజర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను" అని అతనికే చెప్పి, ఆ తర్వాత తీసుకెళ్లండి. ఎస్కలేషన్‌కు ఎవరూ అభ్యంతరం చెప్పరు, చెప్పకుండా చేయడమే తప్పు.

అపోహ: ముందు "ఎస్" అనేస్తే మర్యాదగా ఉంటుంది, తర్వాత చూసుకోవచ్చు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. రాజు ఐదో క్రిస్టియన్ కాలంలో, 1683లో వచ్చిన డేనిష్ చట్టంలో ఒక నిబంధన ఉంది: నోటితో గానీ చేతితో గానీ ముద్రతో గానీ ఇచ్చిన మాటను ప్రతి ఒక్కరూ నిలబెట్టుకోవాలి. అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. సాధారణ వ్యాపార ఒప్పందం నోటిమాటగా కుదిరినా చెల్లుతుంది. ఫోన్లో "ఆ ధరకు ఇస్తాం" అని, మర్నాడు "మా ఫైనాన్స్‌ వాళ్లు ఒప్పుకోలేదు" అంటే బేరసారాల్లో భాగమని సరిపెట్టుకోరు. మీకు ఖరారు చేసే అధికారం లేకపోతే ఆ ముక్క ధర చెప్పకముందే చెప్పండి.

రోజువారీ పనిలో చిక్కంతా మన మొహమాటం దగ్గరే. "శుక్రవారానికి అవుతుందా?" అని అడిగితే మన నోట వచ్చే జవాబులు: "అలాగే", "ట్రై చేస్తాం", లేదంటే అవునో కాదో తేలని తల ఊపు. మనలో మనకు వీటి అర్థం తెలుసు. అవతలివాళ్లు మాత్రం "అలాగే"ని తేదీగా రాసుకుంటారు, "ట్రై చేస్తాం"ని కూడా చాలామంది అలాగే రాసుకుంటారు. దాన్ని నమ్ముకుని టెస్టింగ్ మనిషి సోమవారం ఖాళీ పెట్టుకుంటాడు, ఇంకొకరు కస్టమర్‌కు మాటిచ్చేస్తారు, వేరొకరు సెలవు తేదీ మార్చుకుంటారు. శుక్రవారం సాయంత్రం "ఇంకా అవలేదు" అనేసరికి ఈ మూడూ కూలిపోతాయి. కోపమంతా ఆలస్యమైనందుకు కాదు. బుధవారమే తెలిసినా చెప్పనందుకు.

మీ జవాబు ఈ మూడింటిలో ఒకటి కావాలి. అవుతుంది, ఫలానా రోజు ఫలానా గంటకు. కాదు, అయితే ఫలానా రోజుకు ఇవ్వగలం. ఇప్పుడే చెప్పలేను, రేపు 11 గంటలకు చెబుతాను. మూడోది అన్నాక 11కి చెప్పి తీరాలి, ఆ లోపు తేలకపోయినా "ఇంకా తేలలేదు" అనైనా చెప్పాలి.

ఆలస్యం గురించి రాసే మెయిల్ మన అలవాటు ప్రకారం ఇలా ఉంటుంది: "హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్. టీమ్ ఈజ్ వర్కింగ్ ఆన్ ప్రయారిటీ. విల్ అప్‌డేట్ షార్ట్లీ." ఇందులో చదివేవాళ్లకు అక్కరకొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఇలా రాసి చూడండి:

"హాయ్ లార్స్, పేమెంట్ రిపోర్ట్ శుక్రవారం రాదు. మంగళవారం మధ్యాహ్నం 2 గంటలకు, మీ టైమ్ ప్రకారం, పంపుతాం. టెస్ట్ డేటాలో 2 ఫైళ్లు తప్పుగా ఉన్నాయి, మళ్లీ తెప్పించాం. మిగతా భాగం శుక్రవారమే పంపగలం, కావాలా?"

క్షమాపణలు అక్కర్లేదు. కొత్త తేదీ, కారణం, మధ్యేమార్గం ఉంటే చాలు. అయితే ఆ కొత్త తేదీ కూడా జారితే మాత్రం ఎంత బాగా రాసినా లాభం లేదు.

అపోహ: ముఖం మీదే తప్పు అంటున్నారంటే కోపంగా ఉన్నారు

"ఇది నాకు నచ్చలేదు, పేజీ 4లో లెక్క తప్పు" అని నలుగురిలో అనేస్తారు. పది నిమిషాల తర్వాత ఆ మనిషే మీకు కాఫీ తెచ్చిస్తాడు. మాట పని మీద, మనిషి మీద కాదు. మీరూ అలాగే ఎదురు చెప్పొచ్చు, కారణం ఉండాలంతే. ముఖం కదలకుండా వేసే వెటకారం కూడా అక్కడ మామూలే. మిమ్మల్ని ఆటపట్టిస్తున్నారంటే టీములో కలిశారనే లెక్క. గొప్పలు చెప్పుకోవడం మాత్రం బొత్తిగా నచ్చదు. ప్రజెంటేషన్‌లో మొదటి 6 స్లైడ్లు మన అవార్డులు, మన ఆఫీసుల ఫొటోలే అయితే అవతల కెమెరాలు ఒక్కొక్కటే ఆగిపోతాయి.

అపోహ: నాలుగింటికే ఇంటికి పోతారు, పెద్దగా పనిచేయరు

సామూహిక ఒప్పందాల ప్రకారం వారానికి 37 గంటలు. పిల్లల డేకేర్లు సాయంత్రం అయిదింటికల్లా మూసేస్తారు కాబట్టి నాలుగింటికి లేవడం తప్పనిసరి, అందులో తల్లి, తండ్రి అన్న తేడా లేదు. ఆ గంటల్లో మాత్రం కబుర్లు తక్కువ. లంచ్ 11:30కి, అరగంటలో ముగుస్తుంది. మీటింగ్‌కు అజెండా ముందే వస్తుంది, చెప్పిన నిమిషానికి మొదలవుతుంది. అయిదు నిమిషాలు ఆలస్యమవుతుందనుకుంటే మెసేజ్ పెట్టాలి. 2024 జూలై 1 నుంచి ఉద్యోగుల పనిగంటలు నమోదు చేసే పద్ధతి పెట్టడం యాజమాన్యాలకు చట్టప్రకారం తప్పనిసరి అయింది. రాత్రి పదింటికి మెయిల్ పెట్టి కష్టపడుతున్నట్టు చూపించుకుంటే మెచ్చుకోరు, ప్లానింగ్ రాదనుకుంటారు.

ఇండియా నుంచి పనిచేసేవాళ్లకు లెక్క ఇది. చలికాలంలో మనం నాలుగున్నర గంటలు ముందు, వేసవిలో మూడున్నర. మార్చి, అక్టోబరు ఆఖరి ఆదివారాల్లో ఇది మారుతుంది. ఆ సోమవారాల్లో కాల్ తప్పిపోవడం ఏటా జరిగేదే. మీటింగ్‌ను కోపెన్‌హేగెన్ టైమ్ జోన్‌లోనే పెడితే ఈ గొడవ ఉండదు. చలికాలంలో మన మధ్యాహ్నం 1:30 నుంచి 4 దాకా మంచి సమయం, 4 నుంచి 4:30 వాళ్ల లంచ్. శుక్రవారం మధ్యాహ్నం మీటింగ్ అడగొద్దు.

సెలవులు ముందే క్యాలెండర్‌లో ఎక్కించుకోండి. చట్టప్రకారం ఏడాదికి 5 వారాలు, చాలా కంపెనీల్లో ఒప్పందం వల్ల ఇంకో వారం. మే నుంచి సెప్టెంబరు మధ్య వరసగా 3 వారాలు తీసుకునే హక్కుంది, అందుకే జూలైలో, ముఖ్యంగా ఏడాదిలో 28వ వారం నుంచి 30వ వారం దాకా, సంతకం పెట్టేవాళ్లు దొరకరు. ఈస్టర్‌కు గురువారం నుంచి సోమవారం దాకా మూత. వసంతకాలంలో వచ్చే "పెద్ద ప్రార్థన దినం" సెలవును 2024 నుంచి ఎత్తేశారు. పాత క్యాలెండర్ ఫైల్ వాడే టీములు ఆ రోజు ఇంకా సెలవే అనుకుంటుంటాయి.

అపోహ: అంకెలు అంకెలే, వాటిలో తికమక ఏముంటుంది

డేనిష్ కొటేషన్‌లో 12.500 అని ఉంటే అది పన్నెండున్నర కాదు, పన్నెండు వేల అయిదు వందల క్రోనర్లు. వేలకు చుక్క, దశాంశానికి కామా: 12.500,75. ఎక్సెల్‌లో ప్రాంతం సెట్టింగ్ మార్చకుండా ఫైల్ తెరిస్తే ఇన్‌వాయిస్ మొత్తాలు తారుమారవుతాయి. వ్యాపారాల మధ్య చెప్పే ధర చాలాసార్లు 25 శాతం మోమ్స్, అంటే వాళ్ల వ్యాట్, కలపకుండానే ఉంటుంది. కలిపారో లేదో అడిగి రాసుకోండి.

తేదీల బదులు వారం నంబర్ చెబుతారు: "వారం 42లో డెలివరీ". ఫోన్ క్యాలెండర్‌లో వారం నంబర్లు కనిపించేలా పెట్టుకోండి. 42వ వారం స్కూళ్ల శరదృతు సెలవులని కూడా గుర్తుంచుకోండి. ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ కొందరు "హాఫ్ త్రీ" అంటారు. వాళ్ల లెక్కలో అది రెండున్నర, మూడున్నర కాదు.

అపోహ: వెళ్లేటప్పుడు మంచి కానుక పట్టుకెళ్తే పని తొందరగా అవుతుంది

పాడవుతుంది. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అవినీతి సూచీలో అవినీతి అతి తక్కువ దేశంగా డెన్మార్క్ 2018 నుంచి 2024 దాకా ఏటా మొదటి స్థానంలో ఉంది, కొన్నేళ్లు ఇతర దేశాలతో కలిసి. ఒప్పందం కుదరకముందు ఒక్క మనిషికి విలువైన వస్తువు ఇస్తే, అతను దాన్ని ఆఫీసులో చెప్పి తిరిగివ్వాల్సిన ఇబ్బందిలో పడతాడు. టీమంతటికీ ఒక స్వీట్ల డబ్బా తెచ్చి వంటగది బల్లమీద పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పూతరేకులు ప్రయాణంలో పొడైపోతాయి, తాపేశ్వరం కాజా నయం.

పుట్టినరోజు వస్తే కేక్ మీరే తేవాలి, టీము తేదు. క్యాంటీన్‌లో ఎవరి పళ్లెం వాళ్లే తీస్తారు, డైరెక్టర్ కూడా. రై రొట్టె మీద రాసుకునే గోధుమరంగు పేస్ట్ పంది కాలేయంతో చేసింది, ఫ్రికడెల్లె అనే వడల్లాంటివాటిలోనూ ఎక్కువగా పంది మాంసమే. తినరంటే ఆహ్వానానికి జవాబిచ్చేటప్పుడే చెప్పండి, పళ్లెం ముందు కూర్చున్నాక కాదు. ఇంటికి 6 గంటలకు పిలిస్తే 6కే వెళ్లాలి, 5:45కి వెళ్లినా తప్పే. పూలో చాక్లెట్లో చాలు, గుమ్మంలో చెప్పులు విప్పడం మనకు అలవాటే. గ్లాసు ఎత్తి "స్కోల్" అన్నప్పుడు తాగే ముందు, తాగాక కూడా ఎదుటివారి కళ్లలోకి చూడాలి. గ్లాసులో నీళ్లున్నా ఫర్వాలేదు.

అపోహ: యూరప్ ఉద్యోగం కదా, తీసెయ్యడం అంత తేలిక కాదు

డెన్మార్క్‌లో తేలికే. ఉద్యోగం పోయినవాళ్లను ఆదుకునే ఏర్పాటు బలంగా ఉంటుంది, అంతే. ఆఫీసు ఉద్యోగులకు వర్తించే చట్టం ప్రకారం, ఒప్పందంలో ప్రొబేషన్ అని రాసి ఉంటే మొదటి 3 నెలల్లో 14 రోజుల నోటీసు చాలు. ఆ తర్వాత 5 నెలలు నిండేదాకా నెల, అక్కణ్నుంచి 3 నెలలు, ప్రతి మూడేళ్లకూ ఒక నెల పెరుగుతూ 6 నెలల దాకా. నిరుద్యోగ భృతి దానంతటదే రాదు, ఆ-కాస్సె అనే బీమా నిధిలో మీరే సభ్యులుగా చేరి చందా కట్టాలి. అందులో అర్హతకు షరతులున్నాయి, కాబట్టి చేరేటప్పుడే మీ పర్మిట్ రకం చెప్పి అడగండి. పే లిమిట్ పద్ధతిలో, అంటే జీతం ఒక కనీస మొత్తం దాటితే ఇచ్చే పద్ధతిలో, వచ్చిన పర్మిట్ ఆ ఒక్క ఉద్యోగానికే చెల్లుతుంది. కంపెనీ మారితే కొత్త దరఖాస్తు పెట్టాలి.

ప్రొబేషన్ దాటాక మీరు మానేయాలంటే మీ వైపు నోటీసు ఒక నెల, అదీ నెలాఖరుకు ముగిసేలా. జనవరి 31 లోపు రాజీనామా అందితే ఫిబ్రవరి ఆఖరుకు బయటపడతారు. ఫిబ్రవరి 1న ఇస్తే మార్చి ఆఖరుదాకా ఆగాల్సిందే. కొత్త కంపెనీకి చేరే తేదీ చెప్పే ముందు ఈ లెక్క వేసుకోండి, ఆ తేదీని కూడా వాళ్లు మాటగానే రాసుకుంటారు.