రోజుకి ఎన్ని పదాలు రాయాలి? రాత లెక్కల మీద అపోహలు - వాస్తవాలు

విజయవాడలో అక్టోబరు వచ్చిందంటే రాసేవాళ్ళకి ఒకటే టెన్షన్, జనవరి పుస్తక మహోత్సవానికి పుస్తకం తేవాలని. కథలు రాసుకుంటూ, కొత్తగా రాసేవాళ్ళ రాతప్రతులు చూసిపెడుతుంటాను కాబట్టి ఆ రోజుల్లో నాకొచ్చే ఫోన్లలో కథ గురించి అడిగేవి తక్కువ, లెక్క గురించి అడిగేవి ఎక్కువ. లెక్క రాసుకోవడం మంచిదే, నేనూ రాసుకుంటాను. కానీ రేపు మళ్ళీ కూర్చోబెట్టే లెక్క వేరు, రేపు కూర్చోవాలంటేనే భయం పుట్టించే లెక్క వేరు.

అపోహ: రోజుకి ఇన్ని పదాలని పడితేనే రాత సాగినట్టు.

ఇది చాలావరకు నవంబరు నవల ఛాలెంజ్ నుంచి వచ్చింది. 1999లో అమెరికాలో మొదలైంది, 30 రోజుల్లో 50,000 పదాలు, అంటే రోజుకి సుమారు 1,667. ఆ అంకె ఇంగ్లీషు రాతకి పెట్టుకున్నది. మన భాషలో విభక్తి, క్రియ, లేదనడం, ఎవరో చెప్పారనడం అన్నీ ఒకే మాటకి అతుక్కుంటాయి. "రాలేకపోయాడట" మనకి ఒక్క పదం. అంతే కథ చెప్పినా మన పదాల సంఖ్య తక్కువే వస్తుంది, అది చూసి వెనకబడిపోయామని బెంగపెట్టుకునేవాళ్ళు బోలెడుమంది. పోనీ అక్షరాలు లెక్కేద్దామా అంటే "స్త్రీ" అనే ఒక్క అక్షరాన్ని చాలా సాఫ్ట్‌వేర్లు ఆరు క్యారెక్టర్లుగా చూపిస్తాయి. ఒకప్పుడు మన పత్రికలు కథలకి ఇన్ని అరఠావులు (సగానికి మడిచిన ఠావు కాగితాలు) అని పేజీల్లో హద్దు పెట్టడం నాకు ఇప్పటికీ సరైన కొలతే అనిపిస్తుంది.

ఇంకో సంగతి, కొట్టేసిన రోజుని ఏ పదాల లెక్కా గుర్తించదు. నాలుగు పేజీల సంభాషణని పేజీన్నరకి దించితే కథ బాగుపడుతుంది, లెక్క మాత్రం మైనస్‌లోకి పోతుంది. అందుకే నా దగ్గరికొచ్చేవాళ్ళకి పదాలు కాదు, కూర్చున్న సమయం, ఎక్కడ ఆపారు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలి, ఈ మూడే రాసుకోమంటాను. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకమ్మాయి నోటుబుక్కులో ఒక రోజు ఇలా ఉంది: "మంగళవారం, 9.20 నుంచి 10.05. అత్త వంటింట్లో సీను, సగం కొట్టేశా. రేపు: గిన్నె దింపాక అత్త ఏమంటుంది?" అందులో పదాల సంఖ్య లేదు. అయినా మర్నాడు పిల్లలు పడుకున్నాక ఆమె పుస్తకం తెరిస్తే, ఏం రాయాలా అని గోడవైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు, ఆ ప్రశ్నకి జవాబు రాస్తే చాలు. తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోటే ఆ రోజుకి ఆపేయాలని అమెరికన్ రచయిత హెమింగ్వే చెప్పింది కూడా ఇందుకే.

అపోహ: 21 రోజులు వరసగా రాస్తే అలవాటైపోతుంది, మధ్యలో ఒక్కరోజు తప్పితే మొదటికొచ్చినట్టే.

ఈ 21 అనే అంకె మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసినదాన్నుంచి వచ్చింది. ఆపరేషన్ తర్వాత తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకి కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన గమనించారు, రాతకీ దానికీ సంబంధమే లేదు. లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం తిండి, నీళ్ళు, వ్యాయామం లాంటి రోజువారీ అలవాట్ల మీద చేసి 2009లో వెలువరించిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు తేలింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకసారి మానేసినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి పెళ్ళికెళ్ళి రెండు రోజులు రాయలేదని రోజులు లెక్కపెట్టే యాప్‌లో వరస తెగిందని ఏడవకండి, దయచేసి.

పైగా మన ఊరి ఎండల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోహిణీకార్తెలో మధ్యాహ్నం కరెంటు పోయాక ఏ మనిషీ నవల రాయలేడు. మే నెలలో తెల్లవారుజామున ముప్పావుగంట కూర్చుంటే చాలు, మిగతా టైములో చదువుకోండి, పాత డ్రాఫ్టులు దిద్దుకోండి. డిసెంబరు వేగాన్ని మే నెలలో ఆశించి, అందక, మొత్తానికే మానేసినవాళ్ళని చూశాను, మంచి రచయితలు వాళ్ళు.

అపోహ: లెక్కలు రాసుకుంటే కళ పోతుంది, మూడ్ వచ్చినప్పుడే రాయాలి.

ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున అయిదున్నరకి కూర్చునేవాడు, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాలు. ఏ రోజు ఎన్ని పేజీలైందీ డైరీలో వేసుకునేవాడు. ఆ వేగం మనకి అక్కర్లేదు గానీ, మొదటి అరగంట నిన్న రాసినదే చదువుకునేవాడు చూడండి, అది తప్పకుండా తీసుకోవాల్సిన పద్ధతి.

అపోహ: చివరి నెల గట్టిగా కూర్చుంటే పుస్తకం అయిపోతుంది.

రాయడం అయిపోతుందేమో, పుస్తకం కాదు. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చడం), కనీసం రెండు విడతల ప్రూఫు దిద్దడం, కవర్, ప్రింటింగ్, బైండింగ్, వీటన్నిటికీ రోజులు కావాలి, డిసెంబరులో ప్రెస్సుల దగ్గరేమో అందరిదీ ఒకటే హడావిడి. నిద్ర మానుకుని దిద్దిన ప్రూఫులో ఒక పాత్ర పేరు రెండు రకాలుగా అచ్చైన పుస్తకాలు మీరూ చూసే ఉంటారు. అక్టోబరు ఆఖరుకి చివరి కథ తొలి డ్రాఫ్టు కూడా అవ్వకపోతే జనవరి మాట వదిలేసి ఉగాదికి పెట్టుకోండి. అప్పటికి ప్రెస్సుల్లో ఒత్తిడి తగ్గుతుంది, రెండో ప్రూఫు మీరే తీరిగ్గా కూర్చుని చూసుకోవచ్చు.